చివరి దూడ దాటేదాకా

ఈ ఉదయం మా కోడలు పెరట్లో నూలుచీరలకు గంజి పెట్టుకుంటోంది. తడిగుడ్డ మీద వేడిగంజి పడగానే లేచే ఆ వాసన నేను కూర్చున్న వసారా దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే రేడియోలో ప్రాంతీయ వార్తలు. ఎగువన వానలు పడ్డాయట, కొల్లేరు నీటిమట్టం పెరుగుతోందట, అధికారులు పరిస్థితిని గమనిస్తూనే ఉన్నారట. "గమనించి?" అన్నాను పైకే. ఎవరితో మాట్లాడుతున్నారు మామయ్యగారూ అని కోడలు అడిగింది. రేడియోతోనమ్మా అన్నాను. ఆమె నవ్వి మళ్లీ చీర జాడించుకుంది. ముసలాయనకు చాదస్తం ముదిరిందని అనుకుని ఉంటుంది. అనుకోనీ. ఆ వాసనా ఆ వార్తా ఒక్కసారే వచ్చేసరికి నాకు ఆశీర్వాదం గారు కళ్లముందు నిలబడ్డారు. ఆయన్ను ఎరగనివాళ్ల కోసం నాలుగు మాటలు రాసి పెట్టాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను, ఇవాళ్టికి కుదిరింది.

మాది అత్తిలి. యాభైల నడుమ ఏలూరులో కాలవల ఆఫీసులో ఓవర్సీరుగా చేరాను. ఆశీర్వాదం గారు అక్కడ అసిస్టెంట్ ఇంజనీరు, నాకు పై అధికారి. తాడేపల్లిగూడెం మనిషి. తండ్రి మిషన్ బడిలో పంతులుగా చేసి పోయారు. ఈయన శనివారం మధ్యాహ్నం పాసింజరు బండిలో ఇంటికి వెళ్లి, ఆదివారం చర్చిలో ప్రార్థన ముగించుకుని, సోమవారం పొద్దున ఆఫీసు తలుపులు తీసేవేళకు గుమ్మంలో ఉండేవారు. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ ఉతికిన తెల్ల చొక్కాతో ఉండేవారు. జేబులో రెండు పెన్సిళ్లు. ఒకటి రాయడానికి, రెండోది ఆలోచించేటప్పుడు చెవి వెనక గోక్కోవడానికి. బంట్రోతునూ, దోనె నడిపేవాళ్లనూ, నాలాంటి కుర్ర ఓవర్సీరునూ కూడా "మీరు" అనే పిలిచేవారు. గోదావరి జిల్లాల్లో మర్యాదకు లోటు లేదు గానీ, ఆయన మర్యాదలో ఒక చిక్కుండేది. అంత మెత్తగా అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

నేను చేరడానికి ముందు ఏడు కొల్లేటికి పెద్ద వరద వచ్చింది. సరస్సు నడుమ మెరక దిబ్బల మీద వెలసిన ఊళ్లను లంకలంటారు. అలాంటి ఒక లంకలో, దాన్ని తూర్పులంక అందాం, పశువులు చాలా కొట్టుకుపోయాయి, ఒక కుంటి ముసలాయన కూడా పోయాడు. దాంతో వరద హెచ్చరిక ఏర్పాటు ఒకటి రూపొందించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ పని నా చేతికి వచ్చింది. చదువు కొత్త, ఉద్యోగం కొత్త, పొగరు మాత్రం పాతదే. పది రోజులు తల ఎత్తకుండా పనిచేశాను. ఎగువనుంచి కొల్లేట్లో కలిసే తమ్మిలేటి మీద ఎక్కడెక్కడ కొలబద్దలు పాతాలి, రోజుకు ఎన్నిసార్లు చూడాలి, చూసినవాడు సైకిల్ మీద ఏ స్టేషనుకు వెళ్లి తంతి కొట్టాలి, అది ఏలూరులో ఎవరికి అందాలి, ఏ పటంలో ఏ రంగు సిరాతో గుర్తుపెట్టాలి, ఆఖరికి మునసబుకు కబురు ఎలా వెళ్లాలి అన్నీ రెండు గజాల ట్రేసింగ్ గుడ్డ మీద ఇండియన్ ఇంకుతో గీశాను. అంత అందమైన డ్రాయింగు మా ఆఫీసులో అంతకుముందు పుట్టలేదని నా నమ్మకం. ఇప్పటికీ ఆ నమ్మకం పోలేదు.

ఆశీర్వాదం గారు దాన్ని బల్ల మీద పరిపించి, చూడకుండానే, మెల్లిగా వెనక్కి తిప్పారు. గుడ్డ వెనకవైపు ఖాళీగా ఉంది. తన పెన్సిలు నా చేతికిచ్చారు.

"సూర్నారాయణగారూ, ఇదంతా దేనికోసమో ఇక్కడ ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యంలో వస్తువు పేరు రాకూడదండీ. కొలబద్ద, తంతి, సైకిలు, ఇవేవీ వద్దు."

ఇదేం పరీక్ష అనుకున్నాను. ఉత్తర్వులోనే ఉంది కదా దేనికోసమో. సరే, పై అధికారి అడిగారు కాబట్టి రాశాను: కొల్లేటి నీటిమట్టాన్ని ఎప్పటికప్పుడు ఏలూరు ఆఫీసుకు తెలియజేయడం. వస్తువు పేరు లేదు, తప్పు లేదు, దస్తూరీ కూడా బాగుంది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి చెవి వెనక గోక్కున్నారు.

"లంక మునిగిపోయిందనుకోండి. కానీ నీటిమట్టం మనకు ఎప్పటికప్పుడు అందింది. అప్పుడు ఈ వాక్యం నెరవేరినట్టేనాండీ?"

నెరవేరినట్టే. నా చెవులు వేడెక్కాయి. వాక్యం నెరవేరి కూడా మనిషి మునిగిపోతే ఆ వాక్యం తప్పన్నమాట, అని ఆయన కోపం లేకుండా చెప్పారు. తప్పు వాక్యం మీద ఎంత గొప్ప ఏర్పాటు కట్టినా అది గొప్పగా తప్పుదారినే పోతుందట. మరి సరైన వాక్యం ఏదండీ అని అడిగాను. ఆయన నిజాయితీగా తనకూ తెలియదన్నారు. ఏలూరులో బల్ల ముందు కూర్చుంటే అది దొరకదనీ, మునిగేవాళ్లనే అడగాలనీ, రేపు పొద్దున్నే దోనెకు చెప్పమనీ అన్నారు. ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్లి మా ఆవిడ మీద విసుక్కున్నాను. పది రోజుల పని ఒక్క ప్రశ్నతో నీళ్లపాలైతే ఎవరికి కోపం రాదు?

తూర్పులంకకు తాటిదోనెలో వెళ్లాం. నేను మునసబును కలుద్దామన్నాను. ఆయనేమో ఒడ్డున వల బాగుచేసుకుంటున్నవాళ్లను, వరదప్పుడు మీరు ఎవరిని చూసి కదులుతారండీ అని అడిగారు. వాళ్లు మొహమొహాలు చూసుకుని, ఊరి చివర ఒక గుడిసె చూపించారు. వెంకమ్మ గారిల్లు. అమ్మవారి ఘటం ఆమె దగ్గర ఉంటుంది. పసుపు రాసిన మట్టికుండ అది. లంకలో అలవాటేమిటంటే, నీళ్లొచ్చినప్పుడు ఏ ఇల్లూ ముందుగా కదలకూడదు. ముందు కదిలినవాళ్లను అమ్మవారు చల్లగా చూడదని నమ్మకం. వెంకమ్మ ఘటం నెత్తికెత్తుకుని బయల్దేరితే ఊరు ఊరంతా ఆమె వెనక నడుస్తుంది. ఆమె ఎత్తకపోతే మునసబు చెప్పినా, డప్పు వేయించినా, ఒక్క గేదె కట్టుకొయ్య వదలదు. నా డ్రాయింగులో చివరి గీత మునసబు దగ్గరే ఆగిపోయింది. అక్కడినుంచి జనం తమంతట తామే కదులుతారని నేను అనుకున్నాను. అసలు, అక్కడ ఆలోచించాల్సిన సంగతి ఒకటుందనే నాకు తట్టలేదు.

వెంకమ్మకు అరవై దాటి ఉంటాయి. చూపు మందగించింది. మాకు తాటాకు చాప వేసి, తాను గుమ్మంలో కూర్చుంది. ఆశీర్వాదం గారు వరద సంగతి నేరుగా ఎత్తలేదు. గేదెల సంగతి అడిగారు. లంక నుంచి ఒడ్డుకు సన్నపాటి గట్టు ఒక్కటే దారి, దాని నడుమ ఒకచోట లోతట్టు ఉంది. అక్కడికి నీళ్లొస్తే పెద్ద గేదెలు ఈదుతాయి గానీ దూడలు ఈదలేవు. ఇళ్లలోకి నీళ్లు రావడానికి చాలా ముందే ఆ దారి పోతుంది. నా డ్రాయింగులో ప్రమాదపు గుర్తు ఇళ్ల గుమ్మాల ఎత్తున ఉంది. నేను కిందటేడు సంగతి అడిగాను, అడక్కుండా ఉండాల్సింది. ఆమె కొంగు కొస నలుపుతూ చెప్పింది.

"ముందటేడు తొందరపడి ఎత్తానండీ. ఊరంతా గట్టెక్కాక నీళ్లు రాలేదు. నవ్వారు. అందుకని కిందటేడు కాసేపు చూద్దామనుకున్నాను. ఆ కాసేపట్లోనే దారి పోయింది. ఆ కుంటాయన మా అన్నయ్యేనండీ."

వరదలో ఒక ముసలాయన పోయాడని కాగితంలో చదివాను. ఆయనకొక చెల్లెలుంటుందనీ, ఆమె ఎప్పుడు లేవాలో తెలియక గుమ్మంలో కూర్చుని ఉంటుందనీ ఏ కాగితంలోనూ లేదు. నాకు సిగ్గేసింది. ఆశీర్వాదం గారు మాత్రం ఆమెను ఓదార్చలేదు, తప్పు మీది కాదనీ అనలేదు. ఎంత ముందుగా తెలిస్తే మీకు చాలండీ అని అడిగారు. చివరి దూడ గట్టు దాటేంత ముందుగా తెలిస్తే చాలు బాబూ అంది. అంతకంటే ముందు వద్దు, జనం రెండోసారి తన మాట వినరు అని కూడా అంది. ఆయన గుడిసె చూరు కిందే కూర్చుని, మడిచి పట్టుకొచ్చిన నా డ్రాయింగు విప్పి, వెనకవైపు నా వాక్యం కొట్టేసి, దాని కింద రాశారు: గట్టు మునగకముందే, చివరి దూడతో సహా, లంక మొత్తం నడిచి మెరక చేరాలి. రాసింది ఆమెకు చదివి వినిపించి, సరిపోయిందాండీ అని అడిగారు. ఒక ఇంజనీరు తన కాగితం ఒక లంక మనిషికి చదివి వినిపించి ఒప్పుకోలు అడగడం నేను చూడడం అదే మొదటిసారి. వెంకమ్మ ఆలోచించి, ఆయ్, సరిపోయిందండీ అంది.

వాక్యం ఒకటి సరిగ్గా కుదిరాక పనులు ఒకదాని వెనక ఒకటి వాటంతటవే వచ్చాయి. అది నాకు జీవితంలో పెద్ద ఆశ్చర్యం. చివరి దూడ గట్టు దాటడానికి ఎంతసేపు పడుతుంది? ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికి ఒక ఎండకాలపు ఉదయం ఊళ్లో అందరికంటే నెమ్మదైన దూడను ఎంచి, దాని వెనక చేతిగడియారంతో నన్ను నడిపించారు. అది నాలుగడుగులు వేసి ఆగేది, గడ్డి పీకేది, వెనక్కి తిరిగి నన్ను చూసేది. ఒడ్డున ఆడవాళ్లు నవ్వారు. ఏవండీ ఓవర్సీరుగారూ, మీ దూడా అని ఒకామె అడిగింది కూడా. మూడు గంటల పైచిలుకు పట్టింది. ఆ మూడు గంటలకు తట్టాబుట్టా సర్దుకునే సమయం కలిపి, ఎగువన తమ్మిలేటి మీది వంతెన దగ్గర నీళ్లు ఎక్కడుంటే గట్టు లోతట్టుకు ఇంకా అంత వ్యవధి ఉంటుందో లెక్క కట్టి, అక్కడ కొలబద్ద మీద ఎర్రరంగుతో ఒకే ఒక గీత గీయించాం. నా పటంలో పదకొండు రంగులుండేవి. ఆఖరికి పనికొచ్చింది ఒక్క గీత.

ఆ గీత దాకా నీళ్లొచ్చిన సంగతి వెంకమ్మకు తెలియాలి. వంతెన కొలబద్ద చూసే అప్పన్న తంతి కొట్టడానికి స్టేషనుకు వెళ్లి, అది ఏలూరు వచ్చి, మేము చూసి, మళ్లీ లంకకు మనిషిని పంపేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. వంతెన నుంచి చూస్తే సరస్సులో చేపలు పట్టేవాళ్ల వలకట్టు కనిపిస్తుంది, వలకట్టు నుంచి చూస్తే లంక కనిపిస్తుంది. పొడుగాటి వెదురు మీద జెండా ఎత్తితే చాలన్నాను. ఆ మాట నేనే అన్నానని ఇక్కడ గర్వంగా రాసుకుంటున్నాను. జెండా కనపడని ముసురైతే వలకట్టువాళ్లు దోనె వేసుకుని వెళ్లాలి. ఏ రంగు జెండా అంటే, ఎరుపైతేనే తన కంటికి ఆనుతుందని వెంకమ్మ ముందే చెప్పింది. ఆశీర్వాదం గారు నా వంక చూసి, మీ డ్రాయింగు గుడ్డ మంచి నాణ్యమైందండీ అన్నారు. ట్రేసింగ్ గుడ్డను వేడినీళ్లలో నానబెట్టి పిండితే మైనమూ గంజీ పోయి మల్లెపువ్వులాంటి సన్నని బట్ట మిగులుతుంది. పాత డ్రాయింగులతో పసిపిల్లలకు చొక్కాలు కుట్టించుకోవడం అప్పట్లో మా ఆఫీసువాళ్ల అలవాటే. వాక్యాన్ని వేరే కాగితం మీద ఎత్తి రాసుకున్నాక, నా పది రోజుల పనిని మా పెరట్లోనే డేగిసాలో నానబెట్టాం. ఇల్లంతా గంజివాసన. తరవాత ఏలూరులో తివాచీలు నేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, వాళ్లు ఉన్ని అద్దే ఎర్రరంగులో ముంచి, రెండు ముక్కలు చేయించాను.

ఒక్కచోట మాత్రం ఆయనతో వాదించాను. ఏర్పాటు వివరాలు పైకి పంపేటప్పుడు గవర్నమెంటు కాగితంలో ఘటం అని ఎలా రాస్తామండీ, నవ్వుతారు, అందులోనూ మీరు చర్చికి వెళ్లే మనిషి అన్నాను.

"జనం కదిలేది దానితోనైతే అదీ మన పనిముట్టేనండీ. రాయండి."

రాశాను. నవ్వారనే విన్నాం. అప్పన్నకు ఇచ్చిన ఆదేశంలో మొదటి మాట కూడా ఆయనే చెప్పి రాయించారు: ముందు జెండా, తరవాత తంతి.

ఆ ఏడే ఆశ్వయుజంలో పరీక్ష వచ్చింది. రెండు రోజుల ముసురు, పైన గాలి. ఉదయం రావలసిన తంతి రాలేదు. స్టేషనుకు వెళ్లి అడిగితే తీగలు తెగాయన్నారు. బల్ల మీద నా రీడింగుల పుస్తకం తెరిచే ఉంది, ఆ రోజు గడి ఖాళీ. పరుగున వెళ్లి, రీడింగు రాలేదండీ, మనకేమీ తెలియడం లేదండీ అన్నాను. ఆశీర్వాదం గారు గొడుగు అందుకుంటూ, మన వాక్యంలో రీడింగు ఉందాండీ అని మాత్రం అడిగారు. మెరక వైపు వెళ్లడానికి జట్కా దొరికినంత దూరం జట్కాలో, ఆ పైన మోకాళ్లలోతు బురదలో నడిచాం. దారిపొడుగునా ఆయన పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటున్నారని అర్థమైంది. అంత ధైర్యంగా కనిపించే మనిషికీ భయముందని అప్పుడు తెలిసి, నా భయం కొంచెం తగ్గింది.

గట్టు ఒడ్డుకు చేరేచోట మొదట వినిపించింది గేదెల గంటలు. ముసురులోంచి ఒక్కొక్కటే తేలాయి గేదెలు, కావిళ్లు, నెత్తిన మూటలు, చంకన పిల్లలు. వాళ్లందరికంటే ముందే వచ్చి చేరిన వెంకమ్మ ఘటాన్ని ఒక పీట మీద దించి, ఆ పక్కనే తడుస్తూ కూర్చుని, వచ్చేవాళ్లను పేరు పేరునా పిలుస్తోంది. చూపు ఆనక, పలికిన గొంతును బట్టి వచ్చారో లేదో చూసుకుంటోంది. అందరి వెనకా, ఎండకాలంలో నేను అనుసరించిన ఆ బద్ధకపు దూడ, ఇప్పుడు కాస్త పెరిగి, తాడు లాగించుకుంటూ వచ్చింది. అది మెరకెక్కిన కాసేపటికి గట్టు లోతట్టు కనపడకుండా పోయింది. ఆశీర్వాదం గారు వెళ్లి వెంకమ్మకు గొడుగు పట్టారు. ఆమె ఎవరా అని తలెత్తి, గొంతు విని గుర్తుపట్టింది.

"ఈసారి సరిగ్గా ఎత్తానండీ," అంది.

ఆయన అవునండీ అన్నారు. నేను ఏడ్చాను. వానలో ఎవరికీ తెలియలేదులెండి.

నాలుగు రోజుల తరవాత పైనుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఒకటిన్నర రోజు పాటు నీటిమట్టం వివరాలు ఎందుకు అందలేదు, హెచ్చరిక ఏర్పాటు ఎందుకు విఫలమైంది అని. నేను మొదట రాసిన వాక్యం ప్రకారం చూస్తే వాళ్లు అడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయం. తీగలు తెగిన సంగతీ, గాలివాన సంగతీ వివరంగా రాద్దామని నేను కూర్చున్నాను. ఆయన నా చేతిలో కలం తీసుకుని రెండు ముక్కలు రాశారు: తంతి విఫలమైన మాట నిజం. ఏర్పాటు విఫలం కాలేదు, తూర్పులంక మొత్తం చివరి దూడతో సహా గట్టు మునగకముందే మెరక చేరింది. ఆ జవాబు ఎవరికి గుచ్చుకుందో తెలియదు గానీ, ఆయనకు రావలసిన ప్రమోషను మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయేది. ఆయనకు మండలేదు. ప్రమోషను కూడా మన వాక్యంలో లేదు కదండీ అనేవారు.

రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలోనే ఉండిపోయారు. నేను కనీసం ఏడాదికోసారి వెళ్లేవాణ్ణి. ఆ తరవాత నేను కట్టిన లాకులూ తూములూ వంతెనలూ చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్కదానికి కూడా డ్రాయింగు వెనక వాక్యం రాయకుండా ముందువైపు గీత గీయలేదు. రాసిన ప్రతిసారీ ఆయన ప్రశ్నే వేసుకున్నాను, ఇది నెరవేరి కూడా ఎవరైనా మునుగుతారా అని. మునుగుతారనిపిస్తే కొట్టేశాను. ఒకసారి పదిహేడుసార్లు కొట్టేశాను. నా కింద పనిచేసిన కుర్రాళ్లు విసుక్కునేవారు, నాలాగే. వాళ్లలో కొందరు ఇప్పుడు పెద్ద ఇంజనీర్లయ్యారు, తమ కిందివాళ్లను విసిగిస్తున్నారని వింటున్నాను. సంతోషం.

ఆశీర్వాదం గారు పోయిన ఏడు, తూర్పులంక నుంచి వెంకమ్మ మేనల్లుడు ఒకాయన ఏలూరు వచ్చి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. వెంకమ్మ అప్పటికే లేదు. కొత్త జెండా వేసుకున్నామండీ, ఇది మీకు ఇమ్మందండీ అత్త, అని ఒక మడత చేతిలో పెట్టారు. నా డ్రాయింగులో సగం. ఎండకూ వానకూ ఎరుపు వెలిసి గులాబీరంగైంది. ఎంత నానబెట్టినా, ఎంత రంగు ముంచినా ఇండియన్ ఇంకు పూర్తిగా పోదు. అందులో నా గీతలు అక్కడక్కడా కనిపిస్తాయి, ఏ గీత దేనికోసం గీశానో నాకే గుర్తులేదు. ఒక మూల మాత్రం, వెనకవైపు, ఆయన పెన్సిలుతో గట్టిగా నొక్కి రాసినచోట, బట్టలో నలుపు పట్టుకుపోయి నాలుగు మాటలు మిగిలాయి. చివరి దూడతో సహా, లంక.

రేడియో వార్తలు అయిపోయి పాటలు వస్తున్నాయి. నేను ఫోను తీసి ఏలూరులో నా కింద పనిచేసిన కుర్రాడికి, ఇప్పుడు యాభై దాటినవాడికి, చేశాను. కొల్లేరు పెరుగుతోందట, గమనిస్తున్నారట గదా అన్నాను. నేను మరో మాట అనేలోపే వాడు, దూడలన్నీ పొద్దున్నే మెరకెక్కాయండీ మాస్టారూ అన్నాడు.